శుక్రవారం సాక్ష్యం

“బిళ్ళ మింగితే నమ్మకం లేనట్టే. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?” అంది మా అత్తమ్మ.

“గట్లయితే నువ్వు కండ్లద్దాలు ఎందుకు పెట్టుకుంటున్నవ్ అత్తమ్మా? అద్దాలు తీసి పక్కన పెట్టు. ప్రార్థన చేసుకొని వాక్యం చదువు.”

“నా అద్దాల జోలికి రాకు.”

“నువ్వు బిళ్ళల జోలికి రాకు.”

అప్పటికి మూడు రోజులుగా ఇదే గొడవ. పొద్దున పొయ్యి దగ్గర మొదలయ్యేది. మధ్యాహ్నం బియ్యం ఏరేటప్పుడు కాసేపు ఆగేది. సాయంత్రం నల్లా దగ్గర బిందె నిండేలోపల మళ్ళీ అందుకునేది. బిళ్ళల సీసా నా చేతిలో ఉంది, దాని మూత అత్తమ్మ చేతిలో ఉంది. పక్క గదిలో మా ఆయన కనకరాజు మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని అంతా వింటున్నాడు. ఏడేళ్ళ మా అరుణకుమారి గడపలో నిలబడి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

“మన గుడి అయ్యగారు ఆరేండ్లల్ల ఒక్కసారన్న మన గడప తొక్కిండా?” అంది అత్తమ్మ, గొంతు తగ్గించి. “ఆశీర్వాదమయ్యగారు తొక్కిండు. నా కొడుకు తల మీద చెయ్యి పెట్టిండు. ఆ చెయ్యి పెట్టినంక గిట్ల బిళ్ళలు మింగుకుంట కూసుంటే ఆయననేమన్నట్టు? దేవుణ్ణేమన్నట్టు?”

మా చర్చి అయ్యగారు రాలేదన్నది నిజమే.

అది డెబ్భై ఒకటో సంవత్సరం ఎండాకాలం. మేము నాచారంలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. కనకరాజు ఉప్పల్ రోడ్డు మీద ఒక పరిశోధన సంస్థలో గాజు పని చేసేవాడు. మంట మీద గాజు గొట్టం తిప్పుతూ, నోటితో ఊదుతూ, ప్రయోగాలకు కావలసిన బుడ్లూ గొట్టాలూ తయారు చేయాలి. రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలి. ఒక చెయ్యి వెనకబడితే మెత్తబడిన గాజు ఒక పక్కకు జారిపోతుంది. ఆరేళ్ళుగా తాగుతున్న మనిషికి అంతకు ముందు చలికాలంలో రెండు చేతులూ వెనకబడ్డాయి. ఒక బుడ్డి చేతిలోనే పగిలి అరచేయి కోసుకుపోయింది. వాళ్ళ ఆఫీసరు ఉమామహేశ్వర్ గారు మంచివాడు కాబట్టి సెలవు మీద పంపాడు. “బడులు తెరిచే రోజుకు వచ్చి నాకు కనబడు. చెయ్యి నిలబడితే నీ బల్ల నీదే. లేకపోతే నేనేమీ చెయ్యలేను,” అన్నాడు.

తాగుడు మానడానికి పన్నెండు రోజులు దవాఖానాలో ఉండి, బిళ్ళల సీసాతో ఇంటికి వచ్చాడు. వచ్చిన వారానికే అత్తమ్మ అతన్ని ఉప్పల్‌లో రేకుల షెడ్డుకు తీసుకుపోయింది. ఆశీర్వాదం గారు కోస్తా నుంచి రెండేళ్ళ కింద వచ్చి పెట్టిన ప్రార్థన షెడ్డు అది. శుక్రవారం వస్తే లోపల నిలబడేందుకు చోటుండేది కాదు.

“అమ్మా, సీసా ఇటియ్యి,” అన్నాడు కనకరాజు మంచం మీది నుంచి.

మేమిద్దరం తిరిగి చూశాం. అతను లేచి వచ్చి నా చేతిలో సీసా, వాళ్ళమ్మ చేతిలో మూత తీసుకున్నాడు. మూత బిగించాడు. బిగిస్తుంటే చెయ్యి కొంచెం వణికింది. తరువాత సీసాను వాళ్ళమ్మకు ఇచ్చేశాడు.

“ఒద్దులే తారా. అమ్మ చెప్పినట్టే కానీ.”

అత్తమ్మ ఆ సాయంత్రమే సీసాను మురుగు మోరీలో బోర్లించింది. అయితే అంతకు ముందే, ఆమె సీసా పక్కన పెట్టి ప్రార్థనకు ముసుగు సర్దుకునేంతలో, నేను సగం బిళ్ళలు గుడ్డలో మూట కట్టి చింతపండు జాడీలో దాచాను.

*

శుక్రవారం మేమందరం షెడ్డుకు పోయాం. రేకుల కింద వేడికి మనుషులు ఉడికిపోతున్నారు. డోలక్, తాళాలు, పాటలు. కనకరాజు మూడు రోజుల ఉపవాసం మీద ఉన్నాడు. ఆశీర్వాదం గారు అతని నుదుటికి నూనె రాసి, తల మీద చేతులు పెట్టి పెద్దగా ప్రార్థన చేశారు. కనకరాజు ఒళ్ళంతా వణికింది, చెమట పట్టింది.

“చూడండి! వదిలిపోతోంది! వదిలిపోతోంది!” అని ఆశీర్వాదం గారు అరిచారు. జనమంతా స్తోత్రం అన్నారు.

అలాంటి వణుకు నేను దవాఖానాలో చూశాను. ఉన్నట్టుండి బిళ్ళలు మానితే అట్లా అవుతుందని నర్సమ్మ చెప్పింది. కానీ ఆ చప్పుళ్ళలో ఎవరికి చెప్పను? పైగా కనకరాజు ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ మనిషి నిజంగానే విడుదల కోరుకున్నాడు. ఎవరు ఇస్తామన్నా చెయ్యి చాచేవాడే.

“లే కనకరాజూ. సాక్ష్యం చెప్పు,” అన్నారు ఆశీర్వాదం గారు.

సాక్ష్యమంటే మాలో కొత్త మాట కాదు. దేవుడు చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పడం మా తాతల నుంచీ ఉంది. కాకపోతే పాత గుడిలో జరిగినదాన్ని చెప్పేవాళ్ళు, అదీ ఏడాదో రెండేళ్ళో గడిచాక. ఈ షెడ్డులో పద్ధతి వేరు. ముందు చెప్పాలి, చెప్పినాక జరుగుతుంది. జరగలేదంటే చెప్పినవాడి నమ్మకంలో లోపం.

కనకరాజు నిలబడ్డాడు. “అందరికి వందనాలు. నాకు విడుదల దొరికింది. ఇగ తాగను. తాగాలన్న మనసు గూడ లేదు,” అన్నాడు.

చప్పట్లు రేకులకు తగిలి మోగాయి. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తొమ్మిదేళ్ళలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. నేనూ ఏడ్చాను. నిజమైతే ఎంత బాగుంటుందని ఏడ్చాను.

మరుసటి వారం నుంచి అతనికి పేరొచ్చింది. ఏ ఊళ్ళో ప్రార్థన కూటం పెట్టినా “గాజు కనకరాజు” రావాలి, సాక్ష్యం చెప్పాలి. ఒకనాడు మల్కాజిగిరి, ఒకనాడు నారపల్లి. ఎవరో తెల్ల చొక్కా కుట్టించి ఇచ్చారు. తాగుబోతు కొడుకులున్న తల్లులు మా ఇంటికొచ్చి అతని చేతులు తాకి పోయేవాళ్ళు. అత్తమ్మ వాళ్ళందరికీ మంచినీళ్ళిచ్చి, మొదటి నుంచీ కథంతా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరిగేది.

“నిన్న వణికిండు అన్నవ్, ఇయ్యాల గాల్లకు లేసిండు అంటున్నవేంది అత్తమ్మా?”

“లేసినట్టే అనిపించింది నాకు. నువ్వు కండ్లు మూసుకున్నవ్, నీకేం తెలుసు?”

*

నాకు ముందు తెలిసింది యాలకుల వల్ల. టీలో వేయడానికి దాచిన యాలకులు తగ్గిపోతున్నాయి. ఆ తరువాత చూస్తే, వాసన పట్టుబడకుండా నీళ్ళు తాగిన గ్లాసు తనే కడుక్కుంటున్నాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ మనిషి గ్లాసు కడిగింది లేదు.

ఒక సాయంత్రం నల్లా దగ్గర అత్తమ్మ లేకుండా చూసి అడిగాను.

“ఎన్నిసార్లాయె?”

అతను బుకాయించలేదు. బిందె అంచు పట్టుకుని నీళ్ళలోకి చూశాడు. “రెండుసార్లు. నారపల్లిల సాక్ష్యం చెప్పి ఒస్తుంటే... బస్సు రాలే. కల్లు దుకాణం ఆడనే ఉండె.”

“సాక్ష్యం చెప్పి ఒస్తుంటేనా?”

“చెప్పినందుకే తారా. తాగాలన్న మనసు లేదని అంతమంది ముందట చెప్పినంక, నా లోపల ఏం జరుగుతున్నదో నాకు ఎరుకనే గద. గది మోసుడు కాలే.”

“ఆశీర్వాదమయ్యగారికి చెప్పు.”

“చెప్తే ఆ రోజు చెప్పిందంత అబద్ధమయితది. దేవుడే అబద్ధమాడినట్టయితది. అమ్మ బతుకది.” వేలితో బిందె అంచు తడుముతూ అన్నాడు: “మా పనిల ఒకటుంటది. ఊదిన బుడ్డిని ఎంటనే గాలికి పెట్టొద్దు. కొలిమి పెట్టెల పెట్టి మెల్లగ సల్లారనియ్యాలె. తొందరపడి తీస్తే సూసెటందుకు మంచిగనే ఉంటది. ఎక్కడ పగులు కనబడది. రెండు రోజులకు బల్ల మీద దానంతటదే పగుల్తది. నన్ను తొందరగ బయట పెట్టిన్రు.”

బిందె నిండి పొర్లుతోంది. ఇద్దరం చూడలేదు.

*

ఈస్టరు తెల్లవారుజామున మా వాళ్ళందరూ సమాధుల దొడ్డికి పోతారు. షెడ్డుకు పోయేవాళ్ళయినా, పాత గుడికి పోయేవాళ్ళయినా, చనిపోయినవాళ్ళు మాత్రం అక్కడే కదా ఉన్నది. సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, వెలుగు రాగానే పాటలు పాడతారు. మా మామగారి సమాధికి కనకరాజు సున్నం వేస్తున్నాడు. నేనూ అరుణా బంతిపూలు విడదీస్తున్నాం. అత్తమ్మ దూరంగా షెడ్డువాళ్ళతో నిలబడి ఉంది.

పక్క వరసలోని సమాధి దగ్గర నుంచి చిదంబరన్న బకెట్ పట్టుకుని వచ్చాడు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. మల్కాజిగిరిలో ఉంటాడు. ఒకప్పుడు తాగి, రైలు కదిలే వేళకు పచ్చజెండా బదులు తన తువ్వాల ఊపిన మనిషి. ఆ మాట తనే చెప్పి నవ్వేవాడు. వారానికోసారి దవాఖానాకు వచ్చి తాగుడు మాన్పించుకునేవాళ్ళ పక్కన కూర్చునేవాడు. మంగళవారం సాయంత్రాలు ఆయన వరండాలో ఐదారుగురు కలుసుకునేవాళ్ళు. పాటలుండవు. ఒక చిన్న ప్రార్థన, తరువాత ఎవరి వారం వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పుకోవడం. మన మతం కానివాళ్ళు కూడా వస్తారని అత్తమ్మకు ఆ వరండా అంటే గిట్టేది కాదు.

“కనకం, సున్నం పల్సగైంది. జర గట్టిగ కలుపు,” అన్నాడు చిదంబరన్న. ఇంకేమీ అడగలేదు. తనూ ఒక కుంచె తీసుకుని రెండో పక్క వేయడం మొదలుపెట్టాడు.

కొంతసేపటికి, “వాక్యంల కండ్లు కానరాని మనిషి సంగతి యాదున్నదా? ప్రభువు ఊరి బయటికి తీస్కపోయి చెయ్యి పెట్టిండు సూడు,” అన్నాడు.

“ఉన్నది,” అన్నాడు కనకరాజు.

“చెయ్యి పెట్టి, ఏమన్న కనబడుతున్నదా అని అడిగిండు. వాడేమన్నడు?”

“మనుషులు కనబడుతున్నరు గని చెట్ల లెక్క కనబడుతున్నరు అన్నడు.”

“ఆఁ. నడిసే చెట్ల లెక్క.” చిదంబరన్న కుంచె ఆపలేదు. “నాకు మస్తు రోజులు అర్థం కాలే ఆ ముచ్చట. సాక్షాత్తు ప్రభువు చెయ్యి పెడ్తే సగమే కనబడుడు ఏంది అని. ఇప్పుడు నేననుకుంట, వాడు సిగ్గుపడి, మంచిగ కనబడుతున్నది సామీ అని ఉంటే ఏమవుతుండె? సుట్టున్నోళ్ళు సప్పట్లు కొడుతుండె. వాడు బతికినన్ని రోజులు చెట్లనే సూసుకుంట బతుకుతుండె. ఉన్నది చెప్పిండు. గందుకే రెండోసారి చెయ్యి పడ్డది, మంచిగ కనబడ్డది.”

కనకరాజు చేతిలో కుంచె ఆగిపోయింది. సున్నం చుక్కలు చుక్కలుగా కాలి మీద పడుతున్నా చూసుకోలేదు.

“చెయ్యి కడుక్కో. సున్నం కొరుకుతది,” అని చిదంబరన్న తన బకెట్ తీసుకుని భార్య సమాధి దగ్గరికి పోయాడు. పాట మొదలైంది.

*

ఇట్లాంటివి దాగవు. నారపల్లిలో ఎవరో చూశారు. షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం ఆశీర్వాదం గారు ఐదారుగురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అత్తమ్మ చాపలు పరిచింది.

“కనకరాజు విడుదల పొందాడు. అందులో సందేహం లేదు,” అన్నారు ఆయన. “ప్రభువు చేసిన పని సగంలో ఆగదు. మరి ఎందుకు తడబడుతున్నాడు? ఈ ఇంట్లో ఏదో అడ్డు ఉందమ్మా. ఈ ఇంట్లో ఆకాను ఉన్నాడు.”

ఆకాను కథ మా పిల్లలకు కూడా తెలుసు. ముట్టకూడని సొత్తు దొంగిలించి తన గుడారంలో పాతిపెట్టినవాడు. వాడొక్కడి వల్ల జనమంతా యుద్ధంలో ఓడిపోయారు. వాణ్ణి రాళ్ళతో కొట్టి చంపారు.

“వెతకండి,” అన్నారు ఆశీర్వాదం గారు.

వాళ్ళు నా పెట్టె వెతికారు. పాత చీరలు దులిపారు. వంటింట్లో డబ్బాలు దించారు. చింతపండు జాడీ మూత తీసింది మాత్రం అత్తమ్మే. గుడ్డ మూట చేతికి తగలగానే ఆమె మొహం ఎట్లా అయ్యిందో నాకింకా గుర్తుంది. గెలిచినట్టు కాదు, భయపడినట్టు.

“గియ్యేంది తారా?”

“డాక్టర్ ఇచ్చిన బిళ్ళలే. నువ్వు పారబోసినయ్ గాక మిగిలినయ్.”

ఆశీర్వాదం గారు చెయ్యెత్తారు. “చూశారా! భర్త విశ్వాసంతో నిలబడితే భార్య అవిశ్వాసాన్ని జాడీలో దాచింది. ఈ శుక్రవారం సంఘం ముందు మోకరించి ఒప్పుకో తల్లీ. నీ భర్త నిలబడతాడు.”

కనకరాజు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. అతని కళ్ళలోకి చూశాను. తల దించుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులూ నాకూ అనుమానం పట్టుకుంది. ఏమో, నా వల్లనేనేమో. నేను మోకరిస్తే ఈయన నిలబడతాడంటే మోకరిస్తే పోయేదేముంది? పరువే కదా. శుక్రవారం పొద్దున తల దువ్వుకుంటూ, ఏం చెప్పాలో లోపలే కూడబలుక్కుంటున్నాను. అరుణ నా వెనక వచ్చి నిలబడింది.

“అమ్మా, నీ వల్లనేనా బాపు వణుకుతుండు?”

నేను దువ్వెన కింద పెట్టి దాని వైపు తిరిగాను. గడపలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్న కనకరాజు కూడా ఆ మాట విన్నాడు. నాలుగో గుండీ పెట్టడం ఆపాడు. ఆ తెల్ల చొక్కా విప్పేసి, మంచం మీదున్న తన పాత నీలం చొక్కా తొడుక్కున్నాడు.

*

ఆనాడు షెడ్డు నిండిపోయింది. ఆకాను కథ మీదే ప్రసంగం. అందరూ నా వైపే చూస్తున్నారు. ప్రసంగం కాగానే ఆశీర్వాదం గారు, “ముందు మన కనకరాజు సాక్ష్యం. ఆ తర్వాత మన సహోదరి ఒప్పుకోలు,” అన్నారు.

కనకరాజు లేచాడు. చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

“అందరికి వందనాలు,” అన్నాడు. ఎప్పుడూ అట్లాగే మొదలుపెడతాడు. తరువాత ఎప్పుడూ వచ్చే మాట రాలేదు.

“మొన్న మంగళారం తాగిన. అంతకు ముందు శనివారం తాగిన. మొదటిసారి నేనీడ నిలబడి చెప్పినప్పటి సంది ఐదుసార్లు తాగిన.”

డోలక్ కొట్టే మనిషి చెయ్యి డోలక్ మీదే ఉండిపోయింది.

“నా పెండ్లాం దాసింది డాక్టర్ బిళ్ళలు. నేను దాసింది తాగుడు. ఒప్పుకునేటోణ్ణి నేను. ఆమె కాదు. దేవుని మీద నాకు కోపం లేదు. ఆయన నాకు జరంత కనబడేటట్టు చేసిండు. గని మంచిగ కనబడుతున్నదని నేను అబద్ధం చెప్పిన. నాకింక మనుషులు చెట్ల లెక్కనే ఉన్నరు.”

అంతే చెప్పి కూర్చున్నాడు. చివరి మాట అక్కడ ఎవరికి అర్థమయ్యిందో తెలియదు. నాకు మాత్రం ఊపిరి ఆడింది. ఎన్ని నెలల నుంచి సరిగా ఊపిరి తీసుకోలేదో అప్పుడు తెలిసింది.

“పాట! పాట ఎత్తండి!” అన్నారు ఆశీర్వాదం గారు. “శత్రువు మాట్లాడిస్తున్నాడు, పాట ఎత్తండి!” డోలక్ మొదలైంది. తాళాలు మోగాయి.

ఆడవాళ్ళ వరసలో అత్తమ్మ కదిలింది. ఏం చేస్తుందోనని నేను లేచి నిలబడ్డాను. ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి డబ్బీలో పెట్టింది. ఇంటి నుంచి తెచ్చుకున్న చాప చుట్టింది. చంకలో పెట్టుకుంది. అరుణ చెయ్యి పట్టుకుని, పాట పాడుతున్న మనుషుల మధ్య నుంచి బయటికి నడిచింది. నేను వెనకే పోయాను.

బయట చెప్పుల కుప్పలో ఆమె చెప్పులు దొరకలేదు. “గివేనా?” అని నేను ఒక జత చూపించాను.

“గవి కాదు. నాయి తెగినయ్.”

“గివి గూడ తెగినయే గద.”

“నాయి ఎడమది తెగింది. గిది కుడిది,” అంది. అని, నిలబడ్డచోటే ఏడ్చేసింది. “ఐదుసార్లంట తారా. నా కండ్ల ముందరనే. నేను వచ్చినోళ్ళందరికి కథలు చెప్పుకుంట కూసున్న.”

కనకరాజు వచ్చి కుప్పలో వెతికి ఆమె చెప్పులు తీసి కాళ్ళ ముందు పెట్టాడు. బస్సు కోసం ఆగలేదు మేము. ఉప్పల్ నుంచి నాచారం దాకా నలుగురం నడిచే వచ్చాం. ఎండ తగ్గింది, గాలి వీస్తోంది. దారిలో అరుణ, “అవ్వా, చాప నేను పట్టుకుంట,” అని తీసుకుని, కొంతదూరం మోసి, “బరువున్నది,” అని వాళ్ళ నాన్నకిచ్చింది.

*

మళ్ళీ దవాఖానా, మళ్ళీ పది రోజులు. ఈసారి అత్తమ్మే రోజూ అన్నం డబ్బా పట్టుకుపోయింది. చిదంబరన్న ఆమెను చూసి లేచి నిలబడి నమస్కారం పెడితే, “కూసో నాయనా,” అంది. అంతవరకూ ఆ మనిషిని రైలు తాగుబోతు అనే అనేది. మన గుడి అయ్యగారు కూడా ఒకరోజు ఇంటికి వచ్చారు. ముక్కాలి పీట అంచు మీద కూర్చుని, “నేను ముందే రావలసింది సువార్తమ్మా,” అన్నారు. “రావాల్సింది,” అంది అత్తమ్మ. టీ మాత్రం ఇచ్చింది.

మంగళవారాలు కనకరాజు మల్కాజిగిరి పోయి వచ్చేవాడు. అక్కడేం మాట్లాడుకుంటారో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకనాడు గడపలో చెప్పులు విడుస్తూ తనంతట తనే, “ఇయ్యాల దుకాణం దాకా పోయిన. లోపలికి పోలే,” అన్నాడు. అత్తమ్మ కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే, “కాళ్ళు కడుక్కొని రా, బెండకాయ చేస్తున్న,” అంది. ఆ రాత్రి అతను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

జూన్ వచ్చింది. మొదటి వాన పడింది. అరుణకు కొత్త పలక వచ్చింది. బడులు తెరవడానికి ముందురోజు సాయంత్రం కనకరాజు ఎక్కడి నుంచో ఒక గాజు గొట్టం తెచ్చాడు. కిరసనాయిల్ స్టవ్ ముందు కూర్చుని, మంట పెద్దది చేసి, రెండు చేతులతో గొట్టం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. స్టవ్ వేడికి గాజు మెత్తబడదు. అది మాకు తెలుసు. చెయ్యి చూసుకుంటున్నాడు. కుడి చెయ్యి బాగానే తిరిగింది. ఎడమ చెయ్యి ఒక్కోసారి ఆగి, మళ్ళీ అందుకుంటోంది. నేను పొయ్యి దగ్గర నుంచి చూశాను. అత్తమ్మ గడపలో నుంచి చూసింది. రేపు అక్కడ ఉమామహేశ్వర్ గారి ముందు నిలబడి బాగయ్యిందని అంటాడేమోనని ఇద్దరికీ ఒకటే భయం. అనకపోతే ఉద్యోగం పోతుందేమోనన్న భయం కూడా ఉంది.

అతను స్టవ్ ఆర్పాడు. గొట్టాన్ని పాత గుడ్డలో చుట్టి గూట్లో పెట్టాడు.

అన్నాల దగ్గర నలుగురం కూర్చున్నాం. పప్పు వడ్డించాను. కనకరాజు ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా ఆగాడు.

“రేపు సార్ దగ్గరికి పోత,” అన్నాడు. “చెయ్యి ఇంక పూర్తిగ నిలవలే అని చెప్త. ఊదుడు పని ఇప్పుడే ఒద్దు, గొట్టాలు కోసే పని ఇయ్యమంట. ఇస్తే చేస్త. ఇయ్యకుంటే ఇంకేదన్న సూసుకుంట. మంగళారం మల్కాజిగిరి మాత్రం బంద్ చెయ్య.”

బయట పెంకుల మీద నుంచి నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయి. అరుణ నా వైపు చూసింది. నేను అత్తమ్మ వైపు చూశాను.

అత్తమ్మ ఎడమ చెయ్యి నేలకానించి లేచింది. గూట్లో గ్రంథం పక్కన పెట్టిన కొత్త బిళ్ళల సీసా తీసి, అద్దాలు లేకపోవడంతో కళ్ళకు దగ్గరగా పట్టుకుని, ఒక బిళ్ళ తీసి అతని గ్లాసు పక్కన పెట్టింది.

“గట్లనే చెప్పు,” అంది. “తిని, గిది మింగు. అరుణా, బాపుకు నీళ్ళు పొయ్యి.”